అప్‌డేట్: తిరుపతిలో మా తొమ్మిదో తరగతి పిల్లల పూల డాక్యుమెంటరీ

గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే ఒక అక్క మీద పిల్లలు ఫోన్‌తో తీసిన వీడియోని, చూసేవాళ్లు మధ్యలో నిర్ణయం తీసుకునేలా మార్చడం ఎలా అని అడిగాను కదా. అయిపోయింది, స్కూల్లో చూపించాం కూడా.

మీలో ఒకరు చెప్పిన హెచ్‌ఫైవ్‌పీ (H5P) అనే సాఫ్ట్‌వేర్‌నే వాడాం. ఉచితం, ఓపెన్ సోర్స్, వీడియోని కావాల్సిన చోట ఆపి ప్రశ్న పెట్టొచ్చు, జవాబును బట్టి వేరే చోటికి దూకించొచ్చు. మా ల్యాబ్‌లో నెట్ ఉన్నట్టే ఉండదు కాబట్టి నెట్ లేకుండానే హెచ్‌ఫైవ్‌పీ వాడనిచ్చే లూమి (Lumi) డెస్క్‌టాప్ యాప్‌లో తయారు చేసి, బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాం.

మూర మల్లెలకి ఒకాయన బేరమాడే చోట వీడియో ఆగుతుంది: మీరైతే ఏం చేస్తారు? చాలామంది పిల్లలు "అడిగినంత ఇచ్చేస్తాం" నొక్కారు, అప్పుడు ఆ అక్క తెర మీద నవ్వి "బేరం చేయండి, తప్పేం లేదు, కానీ సాయంత్రం మిగిలినవి వాడిపోతే నా డబ్బే పోతుంది, అది తెలుసుకుని చేయండి" అంటుంది. క్లాసంతా నిశ్శబ్దం, తర్వాత ఒకటే గోల.

"మీకు బాధగా లేదా" లాంటి ప్రశ్నలు తీసేయించాను, జాలి కోసం తీస్తే మనిషి కనపడదు. ఎడిట్ అయ్యాక ముందు ఆవిడకే చూపించాం, ఇల్లు కనిపించే ముక్క వద్దంది, తీసేశాం.

ఆటో హారన్ల మధ్య మాట వినబడాలంటే మాత్రం కాలర్ మైక్ కావాల్సిందే, ఫోన్ మైక్‌ని నమ్మొద్దు. పక్క స్కూల్ వాళ్లు ఫైల్ అడుగుతున్నారు, ఆ అక్కని మళ్లీ అడిగాకే ఇస్తాం.