సమస్య: నీరు లేక చేప నిండ మునిఁగె

మృగశిర కార్తె వచ్చింది. పాలమూరులో, నల్లగొండలో ఈ రోజు చేప వండని ఇల్లు తక్కువ. అందుకే ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. పూరించేవాళ్లు ఇంట్లో నిజంగా వండే పద్ధతినే చెప్పాలి. పద్యం కుదిరి కూర చెడితే మార్కుల్లేవు.

గద్వాల టీచరు:

కారముప్పు పూసి కాసేపు నానఁగా
పసుపు నిమ్మరసము పట్టినంత
పల్లినూనె కొంత పైఁబోయఁ బెనమున
నీరు లేక చేప నిండ మునిఁగె

జూరాల కట్ట కింద బండ్ల మీద తిన్న వేపుడు యాదికొచ్చి రాసిన సార్.

నల్లగొండ పెద్దాయన: యతులు బాగున్నయి టీచరమ్మా. వంటనే కుదరలేదు. "కొంత" నూనె పోస్తే చేప సగమే తడుస్తది, "నిండ" ఎట్ల మునుగుతది? మూకుడు పెట్టాలె. ఇంకోటి, అసలైంది. ఉప్పు తగిలితే చేపల నుంచి నీరు ఊరుతది. ఆ తడి తోటే నూనెల వేస్తే చిటపట మీద పడుతది, ముక్క పెనానికి అంటుకుంటది, పైపొర కరకర రాదు. తడి తుడిస్తేనే "నీరు లేక" అన్న మాట నిజమైతది. కారం తుడిచినంక పట్టియ్యాలె, ముందు పెడితే బట్టకే పోతది. నేనైతే ఇట్ల రాస్త:

ఉప్పుఁ బసుపుఁ బూసి యూరిన తడినెల్ల
బట్టఁ దుడిచి మిరప పట్టు వేయ
పల్లినూనె కాఁగు పాత మూకుడులోన
నీరు లేక చేప నిండ మునిఁగె

గద్వాల టీచరు: ఒప్పుకున్న పెద్దన్నా. మా అత్తమ్మ గూడ గిదే అంటది, నేను వినలే.

వనపర్తి అక్క: నేనిప్పుడు న్యూజెర్సీల కొడుకు దగ్గరున్న. ఇక్కడ ఫ్లౌండర్ అని సముద్రపు చేప. పిల్లప్పుడు కన్నులు చెరోదిక్కు ఉంటయంట, పెరిగేటప్పుడు ఒకటి పక్కకు జరిగి రెండూ ఒకేదిక్కు చేరుతయి. సముద్రం అడుగున ఇసుకల బల్లపరుపుగ పండుకుంటది.

కనులు రెండు నొక్క కడనున్న సొగసుతోఁ
బళ్లెమట్టులున్న పలుచనైన
వెన్న కరఁగినంత వెల్లుల్లితోఁ గూడి
నీరు లేక చేప నిండ మునిఁగె

పెద్దాయన: వెన్న, వెల్లుల్లి! యతి, రుచి రెండూ పడ్డయి తల్లీ. కాని "పలుచనైన" చేపను అందుకోవాల్నంటే మధ్యల ఒక పాదం దాటాలె. దూరాన్వయం. "పలుచ మేన" అంటే సరిపోతది. మరి పలుచటి చేప గద, ఎంతసేపు పెడతరు?

వనపర్తి అక్క: ముల్లు తీసిన పలుచటి ముక్కైతే పక్కకు రెండు మూడు నిమిషాలే. రంగు తెల్లగ మారి, కొన తగిలిస్తే పొరలు విడిపోతే అయినట్టు. మొదటిసారి మన కొర్రమట్ట లెక్క మాటిమాటికి తిప్పితే పెనం మీదనే పొడి పొడి అయింది. వెడల్పు గరిటె తోటి ఒక్కసారే తిప్పాలె. దించినంక నిమ్మకాయ పిండుడే, మసాల వద్దు. మెత్తటి రుచి, కారం పెడితే కారమే తెలుస్తది.

కొల్లాపూర్ తమ్ముడు:

చింతపండు పిసికి చిక్కగాఁ బులుసుంచి
మెంతిపొడిని గలిపి మెల్ల నుడుక
కొర్రమట్ట వేసి కొత్తిమీరను జల్ల
నీరు లేక చేప నిండ మునిఁగె

పెద్దాయన: పద్యం కమ్మగుంది బిడ్డా, పులుసు వాసన ఇక్కడిదాక వస్తుంది. మరి చింతపండు దేంట్ల పిసికినవు?

కొల్లాపూర్ తమ్ముడు: …నీళ్లల్ల.

గద్వాల టీచరు: 😂

కొల్లాపూర్ తమ్ముడు: ఈతకల్లుల పిసికిన అనుకోరాదె పెద్దనాయనా, మా తాత గట్లనే చేసెటోడు.

పెద్దాయన: అయితే మొదటి పాదం మార్చి పంపు. కల్లు గూడ యతికి కుదరాలె.