సినిమా మొత్తం కూర్చుని చూడలేకపోతున్నాను, ఏం చేయమంటారు?

మీలో ఎవరికైనా ఈ అనుభవం ఉంటే చెప్పండి. రెండేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక వెబ్ సిరీస్‌లే చూస్తున్నాను. బ్రేకింగ్ బ్యాడ్ 62 ఎపిసోడ్లూ మూడు వారాల్లో పూర్తి చేశాను. ఒకటి అవగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది, గడియారం చూస్తే ఒంటిగంట.

అదే సినిమా పెడితే అరగంటకే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. మొన్న ఆదివారం అమ్మ మాయాబజార్ పెట్టమంది. 1957 నాటిది, మూడు గంటల సినిమా. ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్లే చోట చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది. నేను ఫోన్ లోంచి తలెత్తేసరికి పాట అయిపోయింది. "చూశావా?" అంది. చూడలేదని చెప్పలేకపోయాను. అది ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

సిరీస్‌లు తక్కువని అనను. 2001 నుంచి 2007 దాకా అమృతం వస్తుంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందే. వారానికి ఒక్కటే కాబట్టి మిగతా రోజులు దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. పాత్రలు అలా ఇంట్లో మనుషుల్లా అయిపోవడం సినిమాలో కుదరదు. కానీ కథ ఒక్క పూటలో మొదలై ముగిసే తృప్తి సినిమాదే, అది నాకు మళ్లీ కావాలి.

దీన్నుంచి బయటపడ్డవాళ్లు ఏం చేశారు? ఇంటర్వెల్ దగ్గర ఆపి మిగతాది మర్నాడు చూస్తే మంచిదా, లేక అలవాటు ఇంకా చెడుతుందా? అమ్మతో కలిసి చూడదగ్గ, రెండు గంటల్లో అయిపోయే తెలుగు సినిమాల పేర్లు చెప్పండి. వచ్చే ఆదివారం ఫోన్ పక్క గదిలో పెట్టేసి కూర్చుంటాను.