ఎయిర్ తీసినా పికప్ బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న (గుంటూరు)
అన్నలూ, మా పికప్‌కి వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతుంటే వీల్ సిలిండర్ కొత్తది వేశాం. 2014 బండి, ముందు డిస్క్, వెనక డ్రమ్, ఏబీఎస్ లేదు. ఇంటి దగ్గరే నేనూ మా బామ్మర్దీ ఎయిర్ తీశాం, అంటే బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపాం. బుడగలు ఆగిపోయాయి గానీ పెడల్ ఇంకా సగందాకా మెత్తగా పోతోంది, గబగబా రెండుసార్లు తొక్కితే పైకొస్తోంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా పోయిందంటారా? మిర్చి యార్డుకి లోడు వేసుకెళ్లే బండి, ఇలా రోడ్డెక్కించాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయవాడ ఆటోనగర్)
మాస్టర్ జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. ఎయిర్ తీసేటప్పుడు బండి నేల మీద ఉందా, లేపి ఉందా?

ప్రశ్న అడిగినవారు
లేపే ఉంది అన్నా. చాసిస్ కింద స్టాండ్లు పెట్టాం, వెనక యాక్సిల్ వేలాడుతూ ఉంది.

ఆటోనగర్
అక్కడే ఉంది సంగతి. వెనక యాక్సిల్ పైన చాసిస్‌కి ఒక వాల్వ్ బిగించి, దాన్నుంచి కడ్డీయో స్ప్రింగో యాక్సిల్‌కి తగిలించి ఉంటుంది, చాలా పికప్‌లకి ఉంటుంది, చూడు. ఖాళీ బండికి వెనక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు లాకై బండి పక్కకి తిరిగిపోతుంది కాబట్టి, బరువు లేనప్పుడు ఇది వెనక్కి వెళ్లే ప్రెషర్ తగ్గిస్తుంది, లోడు పడి చాసిస్ కిందికి దిగితే తెరుచుకుంటుంది. మీరు యాక్సిల్‌ని వేలాడదీస్తే బండిలో అసలు బరువే లేదని దాని లెక్క. ఆయిల్ సన్నగా పోతుంది, గాలి పైపులోనే ఆగిపోతుంది, చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌లో మాత్రం బుడగలు కనపడవు.

ఈసారి చక్రాలు వేసి నేల మీదే ఉంచి చెయ్యండి. పికప్ ఎత్తుగా ఉంటుంది, కింద దూరితే నిపుల్ అందుతుంది. అందకపోతే స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టు. ముందు చక్రాలకి అడ్డం పెట్టకుండా, ఉత్త జాకీని నమ్ముకుని మాత్రం కింద దూరొద్దు. కొన్ని బండ్లకి ఆ వాల్వ్ మీదే ఇంకో నిపుల్ ఉంటుంది, అది మట్టి కింద దాక్కుని ఉంటుంది, వైరు బ్రష్షుతో రుద్ది చూడు.

మొదట ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కు, పెడల్‌కి బలం కలిపే బూస్టర్‌లో వ్యాక్యూమ్ పోతుంది. మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు. మనది కుడివైపు స్టీరింగ్ కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిపుల్‌కి రింగ్ స్పానరే వాడు, ఓపెన్ స్పానర్‌తో మూలలు అరిగిపోతే తర్వాత ఏడవాలి. పారదర్శక ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో ఆయిల్‌లో మునిగేలా పెట్టు. మీ బామ్మర్ది పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు నిపుల్ వదులు చెయ్యి, నువ్వు మళ్లీ బిగించేదాకా అతను కాలు తీయకూడదు, తీశాడంటే గాలి మళ్లీ లోపలికే. పైన బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వొద్దు, అయితే మొదటికొస్తుంది.

ఇంకోటి, పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. పాత మాస్టర్‌లో రబ్బరు వాషర్లు రోజూ తిరిగే చోట నున్నగా ఉంటుంది, అది దాటాక మడ్డీ తుప్పూ ఉంటాయి. నేలకంటేలా తొక్కితే వాషర్లు వాటి మీద గీసుకుంటాయి. ఎయిర్ తీసిన రోజే కొన్ని మాస్టర్లు పోయేది అందుకే.

జవాబు (మంగళగిరి)
అన్న చెప్పింది కరెక్టే కానీ, రెండుసార్లు తొక్కితే పైకొస్తోందంటే షూ (డ్రమ్ లోపల దానికి రాసుకుని బండిని ఆపే ముక్క) అడ్జస్ట్‌మెంట్ కూడా అనుమానించాలి. డ్రమ్ విప్పి బిగించినప్పుడు షూలకీ డ్రమ్‌కీ మధ్య ఖాళీ ఎక్కువ మిగిలితే ఎంత ఎయిర్ తీసినా పెడల్ కిందికే పోతుంది. డ్రమ్ చేత్తో తిప్పుతూ, కాస్త రాసుకునేదాకా అడ్జస్టర్ తిప్పి, కొంచెం వెనక్కి వదులు. మాస్టర్ సంగతి తేలాలంటే పెడల్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకో. బయట ఎక్కడా కారకుండా పెడల్ మెల్లగా దిగిపోతుంటే అప్పుడు మాస్టర్‌ని అనుమానించు.

ఇంకొకరు (గుంటూరు)
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ ఉన్న బండికి డాట్ 4 పోయొచ్చా? ఇంట్లో పోయినేడాది తెరిచిన సీసా ఉంది.

ఆటోనగర్
పోయొచ్చండీ, రెండూ కలుస్తాయి. డాట్ 5 మాత్రం సిలికాన్, దాని జోలికి పోవద్దు. ఇంజనాయిల్, స్టీరింగ్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఆ పాత సీసా పారెయ్యండి, బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి దిగొచ్చు. డాట్ 4కి ఈ లెక్క 230, 155. లోడుతో శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది, సీసా రేటు చూసుకుంటే ఎలా?

ప్రశ్న అడిగినవారు
అన్నా, నేల మీద ఉంచి చేశాం. వాల్వ్ మీద నిజంగానే నిపుల్ ఉంది, వదులు చేయగానే బుసబుసా గాలి వచ్చింది. పెడల్ ఇప్పుడు చాలా పైన ఆగుతోంది, మెత్తదనం లేదు. మొదటి తొక్కుకి మాత్రం ఇంకా కాస్త కిందికే పోతోంది.

మంగళగిరి
అది షూలదే బ్రో. రెండువైపులా సమానంగా అడ్జస్ట్ చెయ్, లేకపోతే బ్రేక్ కొట్టినప్పుడు ఒక పక్కకి లాగుతుంది.

ఆటోనగర్
అయ్యాక ఇంజన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా పట్టుకో, మీ బామ్మర్దిని అన్ని నిపుళ్ల దగ్గరా చెమ్మ ఉందేమో చూడమను. రబ్బరు టోపీలు పెట్టడం మరిచిపోవద్దు. లోడు వెయ్యకుండా ముందు ఖాళీ రోడ్డులో నెమ్మదిగా తిప్పి చూడు. పెయింట్ మీద ఆయిల్ పడి ఉంటే ఇప్పుడే నీళ్లు కొట్టు, రేపటికి పొరలు లేచిపోతుంది.