బీఫ్ స్టిర్ ఫ్రైలో నీళ్లు ఊరుతున్నాయి, ముక్క సాగుతోంది

ప్రశ్న: అరకిలో బీఫ్, బ్రోకలీ, క్యారెట్, క్యాప్సికం ఒకేసారి వేసి పెద్దమంట మీద వేయిస్తున్నా కూరలా అయిపోతోంది. తేడా ఎక్కడండీ?

జవాబు 1: ఒకేసారి వేయడంలోనే. చల్లటి మాంసమంతా పడితే బాణలి వేడి చప్పున తగ్గుతుంది, ఊరిన నీళ్లలో ముక్క ఉడుకుతుంది. రెండు విడతలుగా పరిచి, 40 సెకన్లు కదపకండి. రంగు తిరగ్గానే తీసేయండి.

జవాబు 2: సాగడానికి కారణం కోత. గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే 3 మిల్లీమీటర్ల మందాన తేలిగ్గా తెగుతుంది. కండ పోగులకు అడ్డంగా కోయాలి. అర టీస్పూను వంటసోడా, రెండు చెంచాల నీళ్లు పట్టించి 20 నిమిషాలుంచండి. బాగా కడిగి తడి ఒత్తేయాలి, లేదంటే సబ్బు రుచే! సోయాసాస్, కార్న్‌ఫ్లోర్ ఆ తర్వాతే.

జవాబు 3: క్యారెట్, బ్రోకలీ ముందు, క్యాప్సికం చివర్లో. వెల్లుల్లి మొదట్లోనే వేస్తే మాడి చేదెక్కుతుంది.