కాకతీయ మెడికల్ కాలేజీలో సీటుకు ఎన్ని మార్కులు రావాలి? ఏటా మారే కటాఫ్‌తో తల తిరుగుతోంది

హన్మకొండ నాన్న:
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి నీట్‌కు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటోంది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో సీటుకు ఎన్ని మార్కులు కావాలో తెలుసుకుందామని సాయంత్రం ఫోన్ పట్టుకుని కూర్చుంటే అర్ధరాత్రి కావస్తోంది గానీ తేలిందేమీ లేదు. ఒక వీడియోలో ఆరు వందలు దాటనిదే ప్రభుత్వ కాలేజీ గడప తొక్కలేరంటారు. దాని కిందనే ఉన్న ఇంకో వీడియోలో నాలుగు వందల యాభైకే సీటు వచ్చిందని ఒక అబ్బాయి స్వయంగా చెబుతాడు. 2024 పట్టికను, 2025 పట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకే పరీక్షవి అంటే నమ్మబుద్ధి కావడం లేదు. కోచింగ్ వాళ్లను అడిగితే "పాపను చదవనివ్వండి సార్" అంటారే తప్ప అంకె చెప్పరు. మొన్న ఆదివారం రాత్రి కోచింగ్ నుంచి వచ్చిన మెసేజీలో పాప నమూనా పరీక్ష మార్కులు బయాలజీ 310, కెమిస్ట్రీ 104, ఫిజిక్స్ 58, మొత్తం 720కి 472 అని ఉంది. ఈ మార్కులతో ధైర్యంగా ఉండవచ్చా, లేదా? దయచేసి ఒక్క అంకె చెప్పండి.

కేఎంసీ పాత విద్యార్థి:
కేటగిరీ ఏమిటి? లోకలా, నాన్‌లోకలా? నిరుడు రాసి ఉంటే ర్యాంకు ఎంత? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ములుగు రోడ్డు:
అన్నా, అంత కంగారు అవసరం లేదు. జనరల్ కటాఫ్ 2024లో 162 ఉండగా 2025లో 144కు దిగింది. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 113 వస్తే చాలన్నారు. కటాఫ్ దిగుతున్నదంటే సీటు సులువవుతున్నట్లే కదా. 472 అంటే దానికి మూడింతలకు పైనే.

కేఎంసీ పాత విద్యార్థి:
అది అర్హత మార్కు. సీటు మార్కు కాదు.

ములుగు రోడ్డు:
పత్రికల్లో కటాఫ్ అనే రాశారు, నేను సొంతంగా కల్పించిన మాట కాదు.

నిరుడు కౌన్సెలింగ్ చూసిన అమ్మ:
ఇద్దరూ ఒకే మాటను రెండు సంగతులకు వాడుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. జాతీయ పరీక్షల సంస్థ ప్రకటించేది అర్హత గీత మాత్రమే. పరీక్ష రాసినవారిలో జనరల్ వారికి 50వ పర్సంటైల్ (అంటే రాసినవారిలో సగం మందిని దాటిన చోటు), రిజర్వేషన్ వర్గాలకు 40వ పర్సంటైల్ దగ్గర ఎన్ని మార్కులుంటే అది ఆ ఏటి గీత. ఆ లెక్కన 2025లో పన్నెండు లక్షలకు పైగా అర్హులయ్యారు. అంతమందికి దేశంలో ఎంబీబీఎస్ సీట్లు ఎక్కడున్నాయి? మనకు కావలసింది ఫలానా కాలేజీలో, ఫలానా కేటగిరీలో, ఫలానా విడతలో చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందన్నది. దాన్ని మన కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం విడతల వారీగా ఇచ్చే సీట్ల కేటాయింపు జాబితాల్లో వెతుక్కోవాలి.

ఇక మార్కులు ఎందుకంత మారాయంటే, 2024లో 650, అంతకుమించి తెచ్చుకున్నవారు దేశమంతటా దాదాపు 30 వేల మంది ఉండగా, 2025లో 651 దాటినవారు 73 మందే. మొదటి ర్యాంకు విద్యార్థికే 686 వచ్చాయి. 2025లో ఫిజిక్స్ పేపరు పిల్లల్ని ఏడిపించింది. దానికి తోడు అప్పటిదాకా ప్రతి సబ్జెక్టులో కొన్ని ప్రశ్నలు వదిలేసుకునే వీలుండేది, అదీ తీసేసి 180 ప్రశ్నలను 180 నిమిషాల్లో రాయమన్నారు. కనుక 2024 మార్కులను 2025 మార్కులతో పోల్చడమంటే తూకం రాళ్లు మార్చేసి ధాన్యం పెరిగిందా తగ్గిందా అని చూడటమే. ర్యాంకును ర్యాంకుతో పోల్చండి. అది ఏటికేడు అంతగా ఊగదు. సీట్లు పెరిగినప్పుడు కొంచెం కదులుతుంది, అంతే.

రిటైర్డ్ బోటనీ లెక్చరర్:
అమ్మా, మీరు చెప్పినదంతా సబబే గానీ, రోగం మూలం వేరే చోట ఉంది. ఎంసెట్ ఉన్న రోజుల్లో 160 మార్కుల పరీక్షతో పాటు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. రెండేళ్లు తరగతిలో కూర్చుని చదివిన పిల్లవాడి శ్రమకు ఎంతో కొంత విలువ దక్కేది. 2016లో ఎంసెట్–2 ప్రశ్నపత్రం లీకై, దాన్ని రద్దు చేసి మూడోసారి పరీక్ష పెట్టవలసి రావడంతో రాష్ట్ర పరీక్ష మీదే జనానికి నమ్మకం పోయింది, ఆ మరుసటి ఏటి నుంచి నీట్ వచ్చింది. ఇప్పుడు ఇంటర్‌లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి జనరల్ వారికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం వస్తే చాలు. దాంతో కాలేజీలో ప్రాక్టికల్స్ గదికి తాళం పడింది. పువ్వును కోసి అండాశయం చూపించిన అధ్యాపకుడు ఎన్ని కాలేజీల్లో మిగిలాడో అడగండి. బయాలజీలో 310 తెచ్చుకున్న ఆ అమ్మాయి మందార పువ్వును ఒక్కసారైనా నిలువుగా కోసి చూసిందా అని నా సందేహం.

కేఎంసీ పాత విద్యార్థి:
సార్, దానికి వేరే చర్చ పెట్టండి. అడిగింది సీటు గురించి.

రిటైర్డ్ బోటనీ లెక్చరర్:
నేనూ సీటు గురించే మాట్లాడుతున్నాను నాయనా. ఒక్క పూట పరీక్ష మీద అంతా వేలాడదీస్తే మార్కులు ఇలాగే ఏటా ఎగిరెగిరి పడతాయి.

నర్సంపేట:
కాకతీయే కావాలని పట్టుబట్టకపోతే దారులు చాలా ఉన్నాయి. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంతో కలిపి ఎనిమిది, 2023లో జనగామ, భూపాలపల్లి, కరీంనగర్, సిరిసిల్లతో కలిపి తొమ్మిది, 2024లో ములుగు, మా నర్సంపేటతో కలిపి మరో ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాకతీయలో 250 సీట్లున్నా, ఊళ్లోనే ఉండవచ్చని అందరూ దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టుకోవడం వల్ల అక్కడ చివరి ర్యాంకు ముందే ఆగిపోతుంది. కొత్త కాలేజీల్లో అది చాలా కింద దాకా వెళ్తుంది. పైగా రాష్ట్రం వచ్చాక పెట్టిన కాలేజీల్లో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే) సీట్లన్నీ స్థానికులకే ఇవ్వాలని 2023లో జీవో తెచ్చారు.

భూపాలపల్లి టీచర్:
ఆ కాలేజీల్లో పాఠం చెప్పేదెవరో కూడా రాస్తే బాగుండేది. అధ్యాపకుల కొరత మీద జాతీయ వైద్య కమిషన్ 2025లో మన రాష్ట్ర కాలేజీలకు నోటీసులు పంపింది. బోర్డు మారినంత మాత్రాన జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయిపోదు.

నర్సంపేట:
1959లో కాకతీయ మొదలైన నాడే అన్నీ అమరి ఉన్నాయంటారా? ఏజెన్సీలో ప్రసవం కష్టమైతే ఇదివరకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా మోసుకురావలసి వచ్చేది. ఆ మాట కూడా లెక్కలోకి తీసుకోండి.

నిరుడు కౌన్సెలింగ్ చూసిన అమ్మ:
ఇద్దరూ తర్వాత వాదించుకోవచ్చు. హన్మకొండ నాన్న గారూ, మీరింకా కేటగిరీ చెప్పలేదు. పాప తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడెక్కడ చదివిందో కూడా రాయండి.

హన్మకొండ నాన్న:
అందరికీ ధన్యవాదాలు. మేము బీసీ–డీ. నిరుడు మొదటిసారి రాసినప్పుడు మార్కులు చాలా తక్కువ రావడంతో కౌన్సెలింగ్ దాకా పోలేదు. చదువు విషయానికి వస్తే, పదో తరగతి వరకు హన్మకొండలోనే. ఇంటర్ రెండేళ్లు మాత్రం విజయవాడలో హాస్టల్‌లో ఉంచి చదివించాము. మా వీధిలో నలుగురైదుగురు పిల్లలు అలాగే వెళ్లారు. లాంగ్‌టర్మ్ హైదరాబాద్‌లో. మేము తాతల కాలం నుంచి ఇక్కడివాళ్లమే కాబట్టి అది చెప్పవలసిన సంగతి అనుకోలేదు.

కేఎంసీ పాత విద్యార్థి:
అదే అసలు సంగతి. ఆమె నాన్‌లోకల్.

హన్మకొండ నాన్న:
అదెలా సాధ్యం సార్? రేషన్ కార్డు, ఆధార్, ఓటు, ఇల్లు అన్నీ ఇక్కడే ఉన్నాయి. మా అన్న కొడుకు కూడా విజయవాడలోనే ఇంటర్ చదివాడు, 2022లో లోకల్ కిందనే సీటు వచ్చింది.

నిరుడు కౌన్సెలింగ్ చూసిన అమ్మ:
మీ అన్నగారి అబ్బాయి నాటి నిబంధన వేరు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్న ఏడేళ్లలో ఎక్కువ కాలం ఇక్కడ చదివితే అప్పట్లో లోకల్ అయ్యేవారు. 2024 జూలైలో 33వ నంబరు జీవోతో దాన్ని మార్చారు. ఇప్పుడు ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా తెలంగాణలోనే చదివి, ఇంటర్ ఇక్కడే పాసై ఉండాలి. శాశ్వత నివాసులను స్థానికులు కారనడం కుదరదని హైకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది గానీ, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పనిచేసిన ప్రభుత్వోద్యోగులు, సైనికులు మొదలైనవారి పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీరు ఏం చేస్తుంటారు?

హన్మకొండ నాన్న:
ఎరువులు, విత్తనాల దుకాణం.

నిరుడు కౌన్సెలింగ్ చూసిన అమ్మ:
అయితే ఆ మినహాయింపు మీకు వర్తించదు. ఆంధ్రలోనూ రెండేళ్లే చదివింది కాబట్టి అక్కడా స్థానికురాలు కాదు. కోచింగ్ వాళ్లు ఇది చెప్పకపోవడం నాకు ఆశ్చర్యమేమీ కలిగించలేదు. అడ్మిషన్ల సమయంలో వాళ్ల పీఆర్వోలు మా ఇంటికీ వచ్చారు, హాస్టల్ భోజనం గురించి గంటసేపు చెప్పారు, ఈ ముక్క ఒక్కటి చెప్పలేదు.

అయినా దారులన్నీ మూసుకుపోలేదు. ప్రతి రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు వెళ్తాయి, కాకతీయలోనూ అంతే. బీబీనగర్ ఎయిమ్స్ సీట్లూ జాతీయ ర్యాంకు మీదే నిండుతాయి. వీటికి లోకల్, నాన్‌లోకల్ పట్టింపు లేదు, అయితే పోటీ దేశమంతటితో. అఖిల భారత కోటాలో జనరల్ చివరి ర్యాంకు ఇరవై వేల పైచిలుకు దగ్గర ఆగుతుంది, ఓబీసీదీ దానికి చాలా దగ్గరలోనే ఉంటుంది. 2025 పేపరు లెక్కన అది 530 మార్కుల చుట్టూ పడింది. మీరు ఒక్క అంకె అడిగారు కాబట్టి రాస్తున్నాను గానీ, వచ్చేసారి పేపరు సులువైతే ఇదే ర్యాంకుకు ఎంతో ఎక్కువ మార్కులు కావలసి వస్తుంది. పాపకు మాత్రం మార్కుల లక్ష్యం పెట్టకండి. ఆమె రాసే పరీక్ష అన్ని రాష్ట్రాల బ్రాంచీలకూ కలిపి పెట్టేదైతే అందులో ఆమె స్థానం ఎన్నోదో అడిగి తెలుసుకోండి. ఫిజిక్స్‌లో 180కి 58 అన్నారు, పెరిగే చోటు అక్కడే ఉంది.

పరకాల మీసేవ:
అఖిల భారత కోటాకు బీసీ–డీ అని ఉన్న రాష్ట్ర కుల ధ్రువపత్రం పనికిరాదని గుర్తుంచుకోవాలి. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి దాటలేదనే) పత్రం తీసుకోవాలి. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా వేర్వేరు కాబట్టి ముందు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోండి. క్రీమీలేయర్ పరిమితి ఏడాదికి 8 లక్షలు. అందులో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, దుకాణం ఆదాయం మాత్రం కలుపుతారు. ఫలితాలు వచ్చాక పరుగెత్తితే తహసీల్దార్ కార్యాలయంలో వరుస ఎంతుంటుందో రోజూ చూస్తున్నవాడిని కనుక చెబుతున్నాను.

ములుగు రోడ్డు:
బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) మాటేమిటి? ప్రైవేటులో 35 శాతం సీట్లు ఉంటాయి కదా.

కేఎంసీ పాత విద్యార్థి:
వాటిలోనూ 85 శాతం 2022 నుంచి లోకల్ వారికే. ఫీజు కూడా చూసుకుని సలహా ఇవ్వండి.

రిటైర్డ్ బోటనీ లెక్చరర్:
ఇంటర్ చదువును సొంత ఊరి కాలేజీ నుంచి తీసి పొరుగు రాష్ట్రపు హాస్టల్‌లో పెట్టినందుకే ఈ అవస్థ అని నేను అంటే మళ్లీ వేరే చర్చ పెట్టమంటారు.

హన్మకొండ నాన్న:
ధన్యవాదాలు. ఓబీసీ పత్రానికి రేపే దరఖాస్తు చేస్తాను. మా చిన్నవాడు ఇప్పుడు పదిలో ఉన్నాడు, వాడిని ఇక్కడే చేర్పిస్తాను.

మహదేవపూర్:
ఆలస్యంగా చూశాను, నాదీ ఇలాంటి సందేహమే. మా పాప తొమ్మిదో తరగతి గోదావరి అవతల మహారాష్ట్రలోని సిరొంచలో మేనమామ ఇంట్లో ఉండి చదివింది. పది, ఇంటర్ రెండేళ్లు భూపాలపల్లిలో. ఆ ఒక్క ఏడాది అవతల ఉన్నా మా ఇల్లు, పొలం అన్నీ ఇటే. తొమ్మిదో తరగతికి స్టడీ సర్టిఫికెట్ బదులు నివాస ధ్రువపత్రం పెడితే విశ్వవిద్యాలయం వారు ఒప్పుకుంటారా? తెలిసినవారు చెప్పగలరు.