థ్రిల్లర్ రాస్తున్నాను, కోర్టు సంగతులు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి
అందరికీ నమస్కారమండి, మాది కోనసీమ. నా కథలో కొబ్బరి పీచు పనికెళ్లే ఒకావిడ చెయ్యని హత్యకు యావజ్జీవం పడి రాజమండ్రి మహిళా జైల్లో ఉంటుంది. హత్య జరిగిన సాయంత్రం ఆవిడ సఖినేటిపల్లిలో నరసాపురం పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కింది, నాలుగు మడతలు పెట్టిన ఆ టికెట్టు ముక్క, పసుపు మరకలతో, మూడేళ్ల తర్వాత కూతురికి బియ్యం డబ్బాలో దొరుకుతుంది. హైకోర్టు అప్పీలుకు గడువు 60 రోజులే, సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించొచ్చు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, అంతవరకు చదివాను. అప్పీల్లో కొత్త సాక్ష్యం తీసుకోవచ్చు సరే, కానీ టికెట్టు మీద పేరుండదు కదా, జడ్జిగారు దాన్ని దేనితో కలిపి చూస్తారు? పంటు మీద టికెట్లు కోసినతన్ని పిలిపిస్తారా? ఈలోగా బెయిలు అడగొచ్చా? ఆవిడ ఏదో సినిమా మలుపుతో కాకుండా నిజంగా జరిగే దారిలోనే బయటికి రావాలండి, దయచేసి చెప్పండి.