జీలిబ్‌సీ 2.35కి మారాక పాత జీసీసీ మొరాయిస్తోంది

సీ_బాటసారి:
ఉబుంటు 18.04 నుంచి 22.04కి వచ్చాను. జీలిబ్‌సీ (లినక్స్‌లో సీ ప్రోగ్రాములకు ఆధారమైన లైబ్రరీ) 2.27 పోయి 2.35 వచ్చింది. ప్రాజెక్టు కోసం అప్పట్లో సోర్సు నుంచి బిల్డ్ చేసుకున్న జీసీసీ 7 కంపైలర్ ఇంకా వాడాలి. ఇప్పుడు ఒక్క మ్యూటెక్స్‌ని (థ్రెడ్‌లు ఒకదానికొకటి అడ్డు రాకుండా వేసే తాళం) ఇనిషియలైజ్ చేసినా '__పీథ్రెడ్_స్పిన్స్ డిక్లేర్ కాలేదు' అంటోంది. సిస్టమ్‌తో వచ్చిన జీసీసీ 11లో అదే ఫైలు శుభ్రంగా కంపైల్ అవుతోంది. జీసీసీ మళ్లీ మొత్తం బిల్డ్ చేయాల్సిందేనా?

పాతకెర్నల్:
అక్కర్లేదండీ, ఆగండి. ముందు పెద్ద 'హెచ్' ఫ్లాగ్ పెట్టి కంపైల్ చేయండి, ఏ హెడర్ (డిక్లరేషన్లు ఉండే .హెచ్ ఫైలు) ఎక్కడి నుంచి వస్తోందో వరసగా చూపిస్తుంది. థ్రెడ్‌ల హెడర్ పీథ్రెడ్.హెచ్ దారిలో 'ఇంక్లూడ్-ఫిక్స్‌డ్' అని ఉంటే దొంగ దొరికినట్టే. జీసీసీ బిల్డ్ అయ్యేటప్పుడు సిస్టమ్ హెడర్లలో తనకు నచ్చనివాటిని సవరించి, ఆ కాపీలు తన దగ్గరే పెట్టుకుంటుంది. ఫైలు తెరిస్తే పైనే 'దీన్ని ఎడిట్ చేయొద్దు, ఫిక్స్‌ఇంక్లూడ్స్ మార్చింది' అన్న కామెంటు ఉంటుంది. లైబ్రరీ మారినా ఆ కాపీ మారదు. అంటే మీ కంపైలర్ 2.27 నాటి పీథ్రెడ్.హెచ్‌ని, 2.35 హెడర్లని కలిపి చదువుతోంది. జీసీసీ ఇన్‌స్టాల్ చేసిన చోట లిబ్‌ఎగ్జెక్ కింద 'ఇన్‌స్టాల్-టూల్స్' ఫోల్డర్లో ఎంకేహెడర్స్ అనే స్క్రిప్టు ఉంటుంది. అది నడిపితే కాపీలు కొత్తగా తయారవుతాయి.

టెస్టుబల్ల:
సీ++ కోడ్ ఉంటే ఇంకోటి కూడా ఎదురవుతుంది. జీలిబ్‌సీ 2.34 నుంచి సిగ్‌స్టాక్‌సైజ్ (సిగ్నల్ హ్యాండ్లర్‌కి ఇచ్చే స్టాక్ సైజు) స్థిరాంకం కాదు, రన్‌టైమ్‌లో సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ని అడిగి తెచ్చుకునే విలువ. దాన్ని అర్రే సైజుగా వాడిన పాత టెస్ట్ లైబ్రరీలన్నీ ఆగిపోతాయి. దానికి కంపైలర్‌ని తప్పుపట్టి లాభం లేదు, ఆ లైబ్రరీనే అప్‌డేట్ చేయాలి.

లింకరు:
కంపైల్ అయ్యాక బైనరీని పాత సర్వర్లో పెడితే 'జీలిబ్‌సీ_2.34 దొరకలేదు' అంటుంది, ఇప్పుడే తెలుసుకుని ఉండండి. మెయిన్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కే ఆ వెర్షన్‌లో కొత్త వెర్షన్ ముద్ర పడింది కాబట్టి నాలుగు లైన్ల ప్రోగ్రామ్ కూడా నడవదు. పాత సిస్టమ్ ఉన్న కంటైనర్లో (మీ మెషీన్‌లోనే విడిగా నడిచే సిస్టమ్ వాతావరణం) బిల్డ్ చేయండి. దయచేసి కొత్త లిబ్‌సీ ఫైలుని పాత సర్వర్లోకి కాపీ మాత్రం చేయకండి. లోడరు (ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించేది), లిబ్‌సీ జత కలవకపోతే ఎల్‌ఎస్, సీపీ లాంటి మామూలు కమాండ్లు కూడా లేవవు, సరిచేద్దామన్నా చేతిలో పనిముట్టు మిగలదు.

సీ_బాటసారి:
పాతకెర్నల్ గారూ, ఎంకేహెడర్స్‌తో మ్యూటెక్స్ గొడవ తీరింది, చాలా థాంక్స్! లింకరు గారు చెప్పినట్టు సర్వర్‌కి కంటైనర్లోనే బిల్డ్ చేస్తాను. ఇక ఒక్క ఫైల్లో మేజర్, మైనర్ (డివైస్ నంబర్ని విడదీసే మాక్రోలు) దగ్గర లింక్ ఆగుతోంది.

పాతకెర్నల్:
అది 2.28లో వచ్చిన మార్పు. సిస్/టైప్స్.హెచ్ ఇప్పుడు వాటిని తీసుకురాదు. ఆ ఫైల్లో సిస్/సిస్‌మాక్రోస్.హెచ్ నేరుగా ఇంక్లూడ్ చేయండి, పాత సిస్టమ్‌లోనూ పనిచేస్తుంది.